బాధ చెప్పుకుంటే సణిగినట్టేనా? కృతజ్ఞత, నమ్మకం, ఫిర్యాదు గురించి బైబిలు చెప్పేది

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వస్తే ఉద్యోగం దొరికినవాళ్లు, ఆపరేషన్ గండం గడిచినవాళ్లు, బిడ్డ పెళ్లి కుదిరినవాళ్లు లేచి దేవునికి స్తోత్రం చెబుతారు. వైట్‌స్పాట్ తెగులు వచ్చి రొయ్యల చెరువు మొత్తం పోయినవాళ్లు, పొగాకు బేళ్లు వేలంలో ఎవరూ పాడక నోబిడ్ అయి వెనక్కి తెచ్చుకున్నవాళ్లు అదే చాపమీద తల వంచుకుని కూర్చుంటారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సంఘాలకు వెళ్లేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. వాళ్లలో ఎవరన్నా ధైర్యం చేసి తమ గోడు చెప్పబోతే, "సణగకూడదమ్మా, ఇశ్రాయేలీయులు సణిగే ఎడారిలో రాలిపోయారు, నువ్వు స్తుతించు" అని ఎవరో ఒకరు సర్దిచెబుతారు.

చెప్పేవాళ్ల మనసులో చెడు లేదు. సణగవద్దని బైబిలు నిజంగానే చెబుతోంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో "సణుగులును సంశయములును మాని, సమస్త కార్యములను చేయుడి" అని పౌలు రాశాడు. అయితే అదే బైబిల్లో దావీదు "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని నిలదీస్తాడు. యోబు తాను పుట్టిన రోజునే శపించుకుంటాడు. యిర్మీయా ఏడుస్తాడు. వీళ్లను దేవుడు తోసేయలేదు. మరి ఏ మాట సణుగుడు, ఏ మాట ప్రార్థన? కృతజ్ఞత అంటే జరిగిన నష్టం మంచిదేనని ఒప్పుకోవడమా? అన్యాయం జరిగిందని అడిగితే విశ్వాసం తగ్గినట్టా? ఈ ప్రశ్నలన్నీ కలగాపులగం కావడంవల్లే ఇంత అయోమయం.

ఏ మాటకు ఏమర్థం

సణుగుడు అంటే మనకు జరిగిన మేలును లెక్కలోంచి తీసేసి, దేవుడు మన పక్షాన లేడని తేల్చేసుకుని, ఆ తీర్పును పక్కవాళ్ల దగ్గర పదేపదే అనడం. ఇందులో దేవుని గురించి మాట్లాడటం ఉంటుంది, దేవునితో మాట్లాడటం ఉండదు.

మొర అంటే అదే బాధను దేవుని ముఖంమీదే చెప్పడం. మాటలు ఎంత కఠినంగా ఉన్నా, వినేవాడున్నాడనే లెక్కలోనే మొర పుడుతుంది.

మూడోది న్యాయం అడగడం. ఒక మనిషో వ్యవస్థో చేసిన తప్పును సరిదిద్దగలిగినవాళ్ల ముందు పెట్టడం. మన సంఘాల్లో దీనికి వేరే పేరు లేదు గనక దీన్నీ సణుగుడు ఖాతాలోనే వేసేస్తారు.

ఇక కృతజ్ఞత. మనకు అందినదాన్ని ఇచ్చినవాడితో సహా గుర్తించడం. దానికి మనసు ఉల్లాసంగా ఉండాలన్న షరతు లేదు. నమ్మకం అంటే పరిస్థితి ఇంకా తేలకపోయినా దేవుని గుణం విషయంలో తేల్చుకుని ఉండటం. పని జరుగుతుందన్న ధీమాను కూడా మనం నమ్మకమనే అంటాం. కానీ దేవుడు మంచివాడనుకోవడం వేరు, ఈ వేలంలో నాకు మంచి ధర వస్తుందనుకోవడం వేరు. రెండోది నెరవేరనప్పుడు మొదటిది కూడా కూలిపోయినట్టు అనిపించడం ఈ గందరగోళంవల్లే.

ఎడారిలో అన్ని ఫిర్యాదులకూ ఒకే జవాబు రాలేదు

"సణిగినవాళ్లు రాలిపోయారు" అన్న మాట సంఖ్యాకాండం నుంచి వస్తుంది. దానికి ముందున్న నిర్గమకాండం చదివితే కథ ఇంకోలా మొదలవుతుంది.

మోషే ఐగుప్తు బానిసత్వంలోంచి నడిపించుకొచ్చిన ఇశ్రాయేలీయులకు ఎర్రసముద్రం దాటాక మూడు రోజులు నీళ్లు లేవు. మారా దగ్గర దొరికిన నీళ్లు చేదు. జనం మోషేమీద సణిగారు. దేవుడు ఒక చెట్టు చూపించాడు, నీళ్లు తియ్యనయ్యాయి. తర్వాత ఆకలి వేసింది, ఐగుప్తులో మాంసం కుండల దగ్గర కూర్చున్న రోజులు తలచుకుని మళ్లీ సణిగారు. పూరేడు పిట్టలు, ఆకాశం నుంచి కురిసిన మన్నా అనే ఆహారం వచ్చాయి. రెఫీదీములో మళ్లీ దాహం, మళ్లీ గొడవ. బండలోనుంచి నీళ్లు వచ్చాయి. ఈ మూడుసార్లూ ఆ సణుగుడికి శిక్షగా ఎవరూ చావలేదు. "మీ సణుగుట యెహోవామీదనే గాని మామీద కాదు" అని మోషే మందలించిన మాట వాస్తవం. కానీ దప్పిగొన్న జనానికి దేవుడిచ్చిన జవాబు నీళ్లు.

శిక్షలు కనబడేది సీనాయి కొండ దాటి బయలుదేరాక. ఎందుకీ తేడా? బోధకులు రెండు మూడు రకాలుగా వివరిస్తారు. సీనాయి దగ్గర దేవునికీ జనానికీ నిబంధన కుదిరింది గనక ఆ తర్వాత బాధ్యత పెరిగిందని కొందరు. రోజూ మన్నా తింటూ, మేఘస్తంభం చూస్తూ కూడా దేవుణ్ణి తక్కువచేశారు గనక అని ఇంకొందరు. నిర్గమకాండంలో అడిగింది అవసరం కోసం, సంఖ్యాకాండం 11లో అడిగింది ఆశ కోసం అని మరికొందరు. మూడింటిలోనూ పస ఉంది. నాకు మటుకు మూడోదాన్ని బలపరిచే ఆధారం సంఖ్యాకాండం 20లో కనబడుతుంది.

అక్కడ మళ్లీ నీళ్లు లేవు. జనం మోషేతో, అతని అన్న అహరోనుతో వాదానికి దిగారు. దేవుడు జనాన్ని కొట్టలేదు, బండతో మాట్లాడమన్నాడు. విసిగిపోయిన మోషే "ద్రోహులారా వినుడి" అని గద్దించి బండను రెండుసార్లు కొట్టాడు. నీళ్లు వచ్చాయి, జనం తాగారు, పశువులు తాగాయి. వాగ్దాన దేశంలో అడుగుపెట్టే అవకాశం పోయింది మాత్రం మోషే అహరోనులకు. వాళ్లు తనను నమ్మలేదన్నది దేవుడు చెప్పిన కారణం. మోషే నోరు జారి మాట్లాడాడని 106వ కీర్తన చెబుతుంది. నిజంగా దప్పిగొని వచ్చినవాళ్లను తిట్టిన నాయకుడికి ఏమైందో చెప్పే ఈ అధ్యాయం, సణుగుడు మీద ప్రసంగాల్లో వినబడేది తక్కువ. వినబడాలని నేను కోరుకుంటాను.

ఒకే అధ్యాయం, రెండు ఏడుపులు

సణుగుడికీ మొరకూ తేడా చూడాలంటే సంఖ్యాకాండం 11ని మించిన చోటు లేదు. ఒకే రోజుల్లో, ఒకే ఎడారిలో రెండు ఫిర్యాదులు నడిచాయి.

మొదటిది జనానిది. ఐగుప్తులో ఉచితంగా తిన్న చేపలు, కీరకాయలు, దోసకాయలు, ఉల్లిపాయలు, తెల్లగడ్డలు గుర్తొస్తున్నాయి, ఇక్కడ ఈ మన్నా తప్ప ఏమీ లేదు అంటారు. ఆ "ఉచితంగా" అన్న మాట దగ్గర ఆగాలి. ఐగుప్తులో వాళ్లు ఇటుకలు చేసిన బానిసలు. మగబిడ్డల్ని నదిలో పారేసిన దేశం అది. ఆ కూలి, ఆ కొరడా, ఆ బిడ్డలు జ్ఞాపకంలోంచి జారిపోయి దోసకాయలు మిగిలాయి. వాళ్లు ఏడ్చింది ఎక్కడో కూడా గ్రంథం చెబుతుంది: ఎవరి గుడార ద్వారం దగ్గర వాళ్లు, కుటుంబాలు కుటుంబాలుగా.

రెండోది మోషేది. ఆయన మాటలు జనం మాటలకంటే మెత్తగా ఏమీ లేవు. ఈ జనాన్నంతా నేనే గర్భాన మోశానా, నేనే కన్నానా, వీళ్లకు మాంసం నేనెక్కడినుంచి తేను, ఒంటరిగా ఈ భారం మోయలేను, ఇలాగే చేసేట్టయితే నన్ను చంపేయి అంటాడు. ఇది మర్యాదైన ప్రార్థన కాదు, అలసిపోయిన మనిషి తెగించి అన్న మాట. దేవుడు ఆయన్ను తప్పుపట్టలేదు. డెబ్బైమంది పెద్దల్ని పోగుచేయించి ఆ భారంలో వాటా వాళ్లకు పంచాడు.

కాబట్టి తేడా గొంతు తీవ్రతలో లేదు. ఒకటి గుడార ద్వారం దగ్గర ఒకరికొకరు అంటించుకున్న మాట, ఇంకొకటి దేవునితో అన్న మాట. ఒకటి గతాన్ని తప్పుగా గుర్తుచేసుకుంది, ఇంకొకటి ఉన్న బరువును ఉన్నట్టు చెప్పింది.

వేలం కేంద్రం నుంచి ఇంటిదాకా: ఒక ఉదాహరణ

కొండపి వైపు ఒక కౌలురైతు ఉన్నాడనుకుందాం. పొగాకు ఆకును వేడిమీద ఆరబెట్టే బ్యారన్ అద్దెకు తీసుకున్నాడు, కౌలు, కట్టెలు, కూలీలు అన్నీ అప్పుమీదే. వేలం కేంద్రానికి తెచ్చిన బేళ్లలో సగం నోబిడ్. మిగతావాటికి వచ్చిన ధర కౌలుకు కూడా చాలదు. ఆ రోజు అతని నోటి వెంట నాలుగు రకాల మాటలు వచ్చి ఉండొచ్చు.

టీకొట్టు దగ్గర: "ఎంత ప్రార్థన చేసినా అంతేలేబ్బా, దేవుడు మన్లాంటోళ్లని ఎప్పుడు చూశాడు గనక, ఇన్నేళ్లలో ఒక్క మేలు లేదు."

వేలం కేంద్రంలో అధికారి దగ్గర: "మా బేళ్లకి గ్రేడు తప్పేశారు సార్, ఇంకోసారి చూపించండి."

రాత్రి మంచం పక్కన మోకాళ్లమీద: "ప్రభువా, వడ్డీ ఎట్లా కట్టేది? పోయినేడు ఆదుకున్నావే, ఇప్పుడెందుకు పలకవు?"

తెల్లారి అన్నం ముందు: "ఈ పూట గడిచింది తండ్రీ, పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారు, నీకు స్తోత్రం."

రెండోది న్యాయం అడగడం, మూడోది మొర, నాలుగోది కృతజ్ఞత. సణుగుడు లక్షణాలు కనబడేది మొదటిదానిలోనే. దేవుని గురించి ఒక తీర్పు, "ఒక్క మేలు లేదు" అని గతాన్ని చెరిపేయడం, వినేవాళ్ల విశ్వాసాన్ని కూడా కిందికి లాగడం. అయినా మొదటిదాన్ని బట్టి ఆ మనిషిని అవిశ్వాసి అనలేం. నాలుగు మాటలూ ఒకే మనిషివి, ఒకే రోజువి. యోబు మూడో అధ్యాయం ఒక్కటే విన్నవాడికి యోబు కూడా సణుగుతున్నట్టే ఉంటాడు. పుస్తకం చివర దేవుడు తప్పుపట్టింది ఓదార్చడానికొచ్చి సిద్ధాంతాలు చెప్పిన స్నేహితుల్ని. "నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదు" అన్నాడు.

మనం మన మాటల్ని తూచుకోవడానికి ఈ తేడా బాగా పనికొస్తుంది. పక్కవాడి మాటల్ని తూచడానికి వాడితే మాత్రం యోబు స్నేహితుల పక్కన చేరే ప్రమాదం ఉంది.

కీర్తనల్లో ఏడుపు ఎంతుందంటే

కీర్తనల గ్రంథం అనగానే స్తుతి గుర్తొస్తుంది. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు విలాపాలే. వాటిలో చాలావాటికి ఒక నడక ఉంటుంది: పిలుపు, బాధ, విన్నపం, నమ్మకపు మాట, చివర స్తుతి. 13వ కీర్తన ఆరు వచనాల్లో ఈ దారంతా నడుస్తుంది. "ఎన్నాళ్లవరకు" అంటూ మొదలై, యెహోవా నాకు మేలు చేశాడు గనక ఆయన్ను కీర్తిస్తాననే మాటతో ముగుస్తుంది. మధ్యలో పరిస్థితి మారినట్టు ఎక్కడా రాయలేదు.

అన్నీ అలా ముగియవు. 88వ కీర్తనలో చివర స్తుతి లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అంటూ ఆగిపోతుంది. అలాంటి ప్రార్థనను కూడా దేవుని ప్రజలు తమ పాటల పుస్తకంలో ఉంచుకున్నారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ వారమే స్తుతి నోటికి రాకపోతే, ఆమె బైబిలు దాటి బయటికి వెళ్లిపోలేదని ఈ కీర్తన సాక్ష్యం. అందరికంటే ముఖ్యంగా, సిలువమీద యేసు పలికింది 22వ కీర్తన మొదటి మాట: "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?" పాపం లేనివాడని మనం ఒప్పుకునే యేసు నోటనుంచి ఆ ప్రశ్న వచ్చిందంటే, ప్రశ్న అడగడమే పాపమని చెప్పడానికి చోటు లేదు. ఆ ప్రశ్నలో కూడా "నా దేవా" అన్న పిలుపు తెగిపోలేదు.

అన్నిటిలో స్తోత్రమా, అన్నిటికీ స్తోత్రమా?

థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని ఉంది. ఎఫెసీయుల పత్రికలో "సమస్తమునుగూర్చి" చెల్లించమని ఉంది. ఇక్కడ విశ్వాసుల్లో నిజమైన అభిప్రాయభేదం ఉంది.

ఒక పక్షం ఇలా అంటుంది: దేవుని చేయి దాటి ఏదీ జరగదు. గనక కేన్సర్ వచ్చినా, తుపానుకు ఇల్లు కూలినా, దాని కోసమే స్తోత్రం చెప్పాలి. ఆస్తి, బిడ్డలు పోయిన రోజున యోబు "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను, యెహోవా నామమునకు స్తుతి కలుగును గాక" అన్నాడు కదా. ఈ మాటమీద నిలబడి భయంకరమైన రోజులు దాటిన విశ్వాసులు ఉన్నారు. వాళ్ల అనుభవాన్ని తేలిగ్గా తీసేయకూడదు.

రెండో పక్షం: చెడును చెడు అనే బైబిలు అంటుంది. లాజరు సమాధి దగ్గర యేసు స్తోత్రం చెప్పింది తండ్రి తన మనవి విన్నందుకు, స్నేహితుడు చనిపోయినందుకు కాదు. సమాధి దగ్గరికి రాకముందే కన్నీళ్లు విడిచాడు. యోసేపు కూడా తనను బానిసగా అమ్మేసిన అన్నలతో మీరు నాకు కీడు చేయజూశారు అనే అన్నాడు, దేవుడు దాన్ని మేలుకు తిప్పాడన్నాడు. కీడును కీడనకుండా అతను క్షమించలేదు. కాబట్టి కృతజ్ఞత కష్టంలో ఉండి దేవునికి చెప్పేది, కష్టానికి చెప్పేది కాదు.

నేను రెండో పక్షానికి దగ్గరగా ఉన్నాను. అయితే మొదటి పక్షం కాపాడుతున్న సంగతి ఒకటుంది: మన జీవితంలో దేవునికి సంబంధం లేని మూల ఏదీ లేదన్నది. అది వదులుకోకూడదు.

వీటికి తోడు ఈమధ్య మూడో బోధ బాగా వినబడుతోంది. నోటితో నెగెటివ్ మాట అనకూడదు, అంటే అదే జరుగుతుంది అని. జ్వరం కాస్తున్నా "నాకు జ్వరం లేదు, స్వస్థత పొందాను" అనమంటారు. "జీవమరణములు నాలుక వశము" అన్న సామెతల వచనాన్ని చూపిస్తారు. మాటకు బలం ఉందన్నది నిజమే, ఆ వచనం చెబుతున్నదీ అదే. కానీ పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఆసియాలో పడిన శ్రమ గురించి, బతుకుతామన్న నమ్మకమే లేకుండా శక్తికి మించిన భారంతో కుంగిపోయామని సంఘమంతటికీ తెలిసేలా రాశాడు. ఆ వెంటనే, చనిపోయినవాళ్లను లేపే దేవుణ్ణి నమ్ముకోవడం అక్కడే నేర్చుకున్నామన్నాడు. కుంగుబాటును దాచకుండానే నమ్మకాన్ని చెప్పాడు. జ్వరం లేదని చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లడం ఆలస్యం చేసిన కుటుంబాలకు ఈ తేడా ప్రాణంతో సమానం.

న్యాయం అడిగినవాళ్ల నోరు మూయించవచ్చా?

సెలోపెహాదుకు కొడుకులు లేరు, అయిదుగురు కూతుళ్లు. మగబిడ్డ లేడన్న కారణంతో తమ తండ్రి పేరు, భూమి పోవడం ఏమిటని వాళ్లు మోషే ముందు, యాజకుడి ముందు, సర్వసమాజం ముందు నిలబడి అడిగారు. సణగొద్దని మోషే అనలేదు, దేవుని దగ్గరికి తీసుకెళ్లాడు. "సెలోపెహాదు కుమార్తెలు చెప్పినది యుక్తము" అని జవాబు వచ్చింది, ధర్మశాస్త్రంలో కొత్త విధి చేరింది.

అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం ఇంకా ఆసక్తికరం. రోజువారీ పంపిణీలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడే యూదులు "సణుగసాగిరి" అనే తెలుగు బైబిల్లో ఉంది. వాళ్లది సణుగుడే అని గ్రంథమే అంటోంది. అయినా అపొస్తలులు చేసింది ఏమిటి? సమస్య నిజమేనని ఒప్పుకుని ఏడుగురిని ఏర్పాటు చేయించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే ఎవరు నష్టపోయారో ఆ గుంపు మనుషుల చేతికే పంపిణీ వెళ్లింది. యాకోబు పత్రిక అయిదో అధ్యాయంలోనైతే, చేలు కోసిన పనివాళ్లకు ఎగ్గొట్టిన కూలి తానే మొరపెడుతోంది, ఆ కేకలు ప్రభువు చెవుల్లో పడ్డాయి.

ఈ ప్రాంతంలో ఈ సంగతికి బరువు ఎక్కువ. 1985 జూలైలో, అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో, మాదిగలు తాగే నీళ్ల చెరువును పాడుచేయవద్దని అభ్యంతరం చెప్పడం దగ్గర గొడవ మొదలైంది. మర్నాడు 17న దాడిలో ఆరుగురు మాదిగలు హతులయ్యారు. బతికి బయటపడ్డవాళ్లు చీరాల చేరారు. కేసు 2008లో సుప్రీంకోర్టు తీర్పుదాకా నడిచింది. తాగే నీళ్లు పాడుచేయొద్దన్న మాటనూ, పోయిన ప్రాణాలకు న్యాయం కావాలన్న మాటనూ సణుగుడు అనగలిగే విశ్వాసి ఉంటాడని నేను అనుకోను. కానీ చిన్న స్థాయిలో అదే పని మనం చేస్తుంటాం. తాగొచ్చి కొట్టే భర్త గురించి ఒక చెల్లి స్త్రీల సమాజంలో చెబితే "ఓర్చుకో, స్తుతించు, ప్రభువు మారుస్తాడు" అని పంపేస్తాం. గృహహింస నుంచి రక్షణకు 2005లోనే చట్టం వచ్చింది. దాన్ని ఆశ్రయించడం ప్రార్థన మానేయడం కాదు.

దీనికో అవతలి వైపు కూడా ఉంది. న్యాయం అడగడం మొదలుపెట్టినవాడు కూడా సణుగుడులోకి జారవచ్చు. ద్రాక్షతోట ఉపమానంలో పొద్దున్నించీ పనిచేసిన కూలీలు యజమానిమీద సణిగారు. వాళ్లకు ఒప్పుకున్న కూలి పూర్తిగా ముట్టింది. వాళ్ల బాధంతా సాయంత్రం వచ్చినవాడికి కూడా అంతే ఇచ్చారన్నది. తనకు తగ్గినందుకు అడగడం, పక్కవాడికి పెరిగినందుకు కుమలడం బయటికి ఒకలాగే వినిపిస్తాయి.

ఒంగోలు కొండ, కరువు కాలువ

నమ్మకం ఎలా ఉంటుందో చెప్పే చరిత్ర మన నేలమీదే ఉంది. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1840లో నెల్లూరులో స్థిరపడింది. ఏళ్లు గడిచినా విశ్వాసులు వేళ్లమీద లెక్కపెట్టేంత. మూసేయాలా అన్న చర్చ అమెరికాలో 1853లో జరిగింది, 1862లో మళ్లీ జరిగింది. పటంమీద ఒంటరిగా కనబడే చుక్క గనక దానికి "ఒంటరి నక్షత్రం" అన్న పేరే పడిపోయింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు, జూలియా తదితర తెలుగు విశ్వాసులు కొద్దిమంది ఒంగోలు కొండెక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థించారు. ఆ ఊరికి మిషనరీగా జాన్ క్లౌ వచ్చేసరికి మరో పన్నెండేళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో జూయెట్ మౌనంగా లేడు. మూసేద్దామన్నవాళ్లతో వాదించాడు, మీరు పంపకపోయినా నేను వెళతానన్నాడు. దేవునిమీద నమ్మకం, మనుషులతో వాదన అతనిలో పక్కపక్కనే ఉన్నాయి.

1876 నుంచి 78 దాకా మహాకరువు. క్లౌ ఆకలితో ఉన్నవాళ్లకు స్తుతించమని చెప్పి ఊరుకోలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని కూలి పని కల్పించాడు. సాయం కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని కరువు సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దీన్ని కొండమీది ప్రార్థనకు జవాబుగా చూసే విశ్వాసులున్నారు. కరువు, అంటరానితనం నుంచి విడుదల కోసం మాదిగల ఆరాటం, ఎర్రగుంట్ల పేరయ్య వంటి స్థానిక బోధకుల కృషి కారణాలని చూపే చరిత్రకారులున్నారు. నా దృష్టిలో ఇవి ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. ఒక్క జాగ్రత్త అవసరం: ఈ కథ మనకు ముగింపునుంచి తెలుసు. 1862లో దాని మధ్యలో ఉన్నవాళ్లకు తెలియదు. కష్టం మధ్యలో ఉన్న కుటుంబానికి ఈ కథ చెబుతున్నప్పుడు, వాళ్లు ఉన్నది 1862లో అని గుర్తుపెట్టుకుంటే మన మాట కాస్త మెత్తబడుతుంది.

కృతజ్ఞత జ్ఞాపకంతో చేసే పని

పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే ఒక్కడే, అదీ యూదులు చిన్నచూపు చూసే సమరయుడు, వెనక్కి వచ్చి యేసుకు కృతజ్ఞత చెప్పాడు. మిగతా తొమ్మిదిమంది కూడా "మమ్ము కరుణించు" అని కేకలు వేసినవాళ్లే. మొర పెట్టడం పదిమందికీ వచ్చు. తిరిగి రావడం దగ్గర తేడా వచ్చింది. కృతజ్ఞత కావాలని ఎంచుకోవలసిన పని, దానంతటది రాదు అనడానికి ఇదే ఆధారం.

ఎమ్మన్స్, మెక్‌కల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, వారం వారం తాము కృతజ్ఞతగా ఉన్న సంగతులు రాసుకున్నవాళ్లు, చిరాకులు రాసుకున్నవాళ్లకంటే తమ జీవితం మెరుగ్గా ఉందని చెప్పారు. దేవుణ్ణి నమ్మనివాళ్లకు కూడా ఈ అలవాటు పనిచేస్తుందన్నమాట. క్రైస్తవ కృతజ్ఞతలో అదనంగా ఉన్నది ఎదుట ఒక వ్యక్తి ఉండటం. అందుకే మంచి జరగనప్పుడు కూడా అది సాగగలదు. హబక్కూకు తన పుస్తకాన్ని "ఎన్నాళ్లు" అన్న ఫిర్యాదుతో మొదలుపెట్టి, చేనిలో పైరు పంటకు రాకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా యెహోవాలో ఆనందిస్తానంటూ ముగించాడు. పైరు రాలేదన్న సంగతిని అతను ఒక్కొక్కటిగా పేరుపెట్టి చెప్పాడు.

మన సంఘాల్లో కోత పండుగకు ధాన్యం, కూరగాయలు, కోళ్లు తెస్తాం. ద్వితీయోపదేశకాండం 26లో ఆ పండుగకు మూలంలాంటి ఆజ్ఞ ఉంది. రైతు మొదటి పంట గంపలో పెట్టి తెచ్చి, యాజకుడి ముందు కొన్ని మాటలు పలకాలి. ఆ మాటలు "పంట బాగా పండింది, స్తోత్రం" అని మొదలుకావు. మా తండ్రి దిక్కులేని బాటసారి, ఐగుప్తీయులు మమ్మల్ని బాధపెట్టారు, కఠినమైన దాస్యం చేయించారు, మేము యెహోవాకు మొరపెట్టాం, ఆయన విన్నాడు, ఇదిగో నువ్విచ్చిన భూమి పంట అని సాగుతాయి. ఎడారిలో దోసకాయలు మాత్రమే గుర్తున్న నోటికి, ఇక్కడ దాస్యాన్ని కూడా చెప్పించి ఆ తర్వాత కృతజ్ఞత చెప్పిస్తున్నాడు దేవుడు. పంట పండినవాడు లేచినప్పుడు అప్పులూ నోబిడ్లూ కూడా కలిపి సాక్ష్యం చెబితే, పంట పోయినవాడు తన సాక్ష్యం కూడా చెప్పగలిగే చోటు దొరుకుతుంది. ఆ అధ్యాయం అక్కడితో ఆగదు. గంప దించాక ఆలయ సేవ చేసే లేవీయుడు, పరదేశి కూడా నీతో కలిసి సంతోషించాలి అంటుంది. మూడో ఏడు వచ్చేసరికి పదోవంతు లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాండ్రకు ఇచ్చి, వాళ్లు నీ గ్రామాల్లో తిని తృప్తి పొందాక దేవుని ముందుకొచ్చి ఇచ్చానని చెప్పమంటుంది.